ఓవెన్ రాక్‌లు, ట్రేల మీద గట్టిపడ్డ మడ్డి: దేనికి ఏది వాడాలి, ఏది వాడకూడదు

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. రాక్ చువ్వల మీద అట్టకట్టిన ముదురు గోధుమరంగు జిడ్డు స్టీలు పీచుతో ఎంత తోమినా పోవడం లేదు. వాషింగ్ సోడా (బట్టలుతికే సోడా) నీళ్లలో రాత్రంతా నానబెట్టిన ట్రే తెల్లారేసరికి నల్లగా, బూడిదరంగుగా మారిపోయింది. వెనిగర్, వంట సోడా కలిపి వేయమని ఒకరు, అమ్మోనియా పోసి సంచిలో మూటకట్టమని మరొకరు చెప్పారు. ఈ మూడింటికీ జవాబు ఒకచోటే మొదలవుతుంది. చేతిలో ఉన్న వస్తువు ఏ లోహంతో చేసింది, దాని మీద ఏ పూత ఉంది అన్నది ముందు తేలాలి. ఏ మందు వాడాలన్నది ఆ తర్వాతి మాట. రాక్‌ను బాగుచేసే సోడాయే ట్రేను పాడుచేసిందంటే కారణం ఇదే.

తేల్చుకోవడానికి ఒక అయస్కాంతం చాలు. మెరిసే చువ్వల రాక్‌కి అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే అది చాలావరకు క్రోమియం లేదా నికెల్ పూత వేసిన మామూలు ఉక్కు. అతుక్కోకపోయినా, అతుక్కోనట్టే ఉన్నా స్టెయిన్‌లెస్ స్టీలు. నల్లగానో బూడిదరంగుగానో ఉండి, గాజులా నున్నగా, గోరుతో తడితే కంగుమంటూ, అయస్కాంతానికి అతుక్కుంటే ఎనామెల్, అంటే ఉక్కు మీద కాల్చి వేసిన గాజులాంటి పూత. ట్రే తేలికగా ఉండి, అయస్కాంతం అస్సలు పట్టకపోతే అల్యూమినియం. ఇంకా అనుమానం ఉంటే తడి తెల్లగుడ్డతో ట్రే అడుగున గట్టిగా రుద్దండి. పూత లేని అల్యూమినియం అయితే గుడ్డకి బూడిదరంగు మరక అంటుతుంది. లోపలివైపు ముదురురంగులో ఉండి, నీటిచుక్క వేస్తే పరుచుకోకుండా ముత్యంలా నిలబడితే నాన్‌స్టిక్ పూత. నాన్‌స్టిక్ ట్రేలలో అడుగు లోహం ఉక్కు కావచ్చు, అల్యూమినియం కావచ్చు. రెండువైపులా చూడాలి.

ఇక ఆ మడ్డి సంగతి. ఇనప పెనానికి నూనె పట్టించి కాల్చితే నల్లటి నున్నటి పొర ఒకటి ఏర్పడుతుంది కదా, రాక్ మీద ఉన్నదీ అదే పదార్థం. వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కి నూనె అణువులు ఒకదానికొకటి అల్లుకుపోయి వార్నిష్‌లా గట్టిపడతాయి. తాజా జిడ్డు మామూలు సబ్బుకే వదులుతుంది. సగం గట్టిపడ్డ దశలో వేలికి జిగటగా తగులుతుంది. ఇది సబ్బుకి లొంగదు, తోమితే పీచుకి అంటుకుని ఇంకోచోట పరుచుకుంటుంది. పూర్తిగా గట్టిపడ్డాక ముదురు గోధుమరంగుకి, ఆ తర్వాత బొగ్గుకి దిగుతుంది. ఈ చివరి రెండు దశల మీద పనిచేసేది క్షారం, అంటే వాషింగ్ సోడా లాంటిది. కొవ్వుని క్షారం మెల్లగా విడగొట్టి సబ్బుగా మారుస్తుంది. ఇక్కడ అసలు మాట మెల్లగా అన్నదే. వేడినీళ్లు, క్షారం, కొన్ని గంటలు ఈ మూడూ కలిస్తేనే పొర అడుగునుంచి వదులవుతుంది. నానకముందు ఎంత తోమినా అరిగేది పూతే, మడ్డి కాదు.

మీ రాక్‌లు క్రోమియం పూతవి అనుకుంటే (ఎక్కువ ఓవెన్లలో ఉండేవి అవే) ఇలా చేయండి. ఓవెన్ పూర్తిగా చల్లారాక రాక్‌లు బయటికి తీసి, ఊడి వచ్చే పెచ్చుల్ని పాత కాగితంతో గాని ప్లాస్టిక్ గీకుడు బద్దతో గాని దులిపి చెత్తబుట్టలో వేయండి. స్నానపు తొట్టి గాని వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు గాని తీసుకుని అడుగున పాత తువ్వాలు పరవండి. చువ్వల కొసలు అక్రిలిక్ తొట్టిని ఇట్టే గీకేస్తాయి, ఆ గీతలు పోవు. 50 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్లు, అంటే చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడివి, రాక్ మునిగేదాకా పోయండి. సలసల మరిగే నీళ్లు ప్లాస్టిక్ తొట్టిలో పోయకండి, వంగిపోతుంది. ప్రతి 10 లీటర్ల నీళ్లకి 100 గ్రాముల వాషింగ్ సోడా, రెండు పెద్ద చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. సోడా పూర్తిగా కరిగాకే రాక్ దించండి. నాలుగు గంటలు కనీసం. పాత మడ్డి అయితే రాత్రంతా ఉండనివ్వండి. రాక్ సగమే మునుగుతుంటే మధ్యలో తిప్పి రెండో సగం నానబెట్టండి.

వాషింగ్ సోడా, వంట సోడా ఒకటి కావు. వంట సోడా నీళ్ల పీహెచ్ (క్షారం ఎంత ఘాటైనదో చెప్పే కొలత) 8.3 దగ్గర ఉంటుంది, వాషింగ్ సోడాది 11 దాకా వెళుతుంది. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు. అందుకే వంట సోడాతో రాత్రంతా నానబెట్టి ఫలితం లేదని చెప్పేవాళ్లు ఎక్కువ. వాషింగ్ సోడా నీళ్లు చేతికి జారుడుగా తగులుతాయి. చర్మం మీది నూనె సబ్బుగా మారుతున్న గుర్తు అది. మోచేతి దగ్గరికి వచ్చే రబ్బరు గ్లౌజులు వేసుకోండి.

వాషింగ్ సోడా లేకపోతే డిష్‌వాషర్ బిళ్ల ఒకటి 5 లీటర్ల వేడినీళ్లలో కరిగించినా పనికొస్తుంది. అందులోనూ ప్రధానంగా ఉండేది అదే సోడా, తోడుగా ఆక్సిజన్ విడుదల చేసే సోడియం పెర్‌కార్బొనేట్, ఎంజైములు. అయితే ఒక జాగ్రత్త. తొట్టి లేనివాళ్లు రాక్‌ని మందపాటి చెత్తసంచిలో పెట్టి, రెండు లీటర్ల ద్రావణం పోసి, నేలమీద పరిచి అప్పుడప్పుడూ తిప్పుతుంటారు. ఉత్త వాషింగ్ సోడాతో ఆ పద్ధతి బాగానే ఉంటుంది. బిళ్ల గాని పెర్‌కార్బొనేట్ గాని వాడితే మాత్రం సంచి మూతి బిగించకూడదు. వెలువడే ఆక్సిజన్‌కి సంచి ఉబ్బి, పగిలి క్షారపు నీళ్లు చిమ్ముతాయి.

నానాక తోమడానికి నైలాన్ పీచు చాలు. చువ్వలు కలిసే మూలల్లో పాత పళ్ల బ్రష్ వాడండి. సరిగ్గా నానిన మడ్డి తోలులా సాగుతూ పలకలుగా ఊడి వస్తుంది. అలా రాకుండా పీచుకి గరగరమని తగులుతుంటే బలం పెంచకండి, కొత్త వేడినీళ్లతో ఇంకో విడత నానబెట్టండి. కొన్ని తయారీ సంస్థలు తమ రాక్‌లకి సన్నరకం స్టీలు పీచు వాడొచ్చని ఓవెన్‌తో వచ్చే పుస్తకంలో రాస్తాయి. అలా రాసి ఉంటే, అదీ నానబెట్టిన తర్వాత, తేలికగా వాడొచ్చు. ముతక స్టీలు పీచు, ఇసుకలా ఉండే పొడులు పూత బలహీనంగా ఉన్నచోట పెచ్చులు లేపుతాయి. పీచు ముక్కలు మూలల్లో ఇరుక్కుని తుప్పుపడతాయి, తర్వాత తిండిలోకి రాలతాయి. ఇనప తీగ బ్రష్‌తో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. తెగిన తీగముక్క కంటికి ఆనదు, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. తినే వస్తువులు తగిలే రాక్ మీదికి తీగ బ్రష్ రానివ్వకండి. అల్యూమినియం రేకుని ఉండచుట్టి రుద్దడం కూడా చాలామంది చెప్పే చిట్కా. క్రోమియం దానికంటే గట్టిది కాబట్టి గీతలు పడకపోవచ్చుగాని, బూడిదరంగు చారలు అంటుకుంటాయి, ఎనామెల్ మీద అయితే ఆ చారలు వదలడమే కష్టం.

మూలల్లో మిగిలిపోయిన మచ్చలకి మూడు వంతుల వంట సోడాకి ఒక వంతు నీళ్లు కలిపి ముద్దచేసి పట్టించండి. అరగంట ఆగి, ఎండిపోకముందే పళ్ల బ్రష్‌తో రుద్దండి. ఇక్కడ సోడా చేసే పని క్షారంగా తక్కువ, మెత్తటి రాపిడిపొడిగా ఎక్కువ.

తర్వాత ధారగా నీళ్లు వదిలి కడగండి. వేలితో చువ్వ పొడవునా నిమిరితే ఎక్కడా జారకూడదు. జారితే సోడా ఇంకా ఉందని అర్థం. గుడ్డతో తుడిచి, ఓవెన్లో 100 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి ఆరబెట్టండి. చువ్వల అతుకుల్లో తడి నిలిస్తే తుప్పు మొదలయ్యేది అక్కడే.

స్టెయిన్‌లెస్ రాక్‌కీ ఇదే పద్ధతి. కాకపోతే దాన్ని క్లోరిన్ బ్లీచ్‌కి దూరంగా ఉంచండి, సూదిమొనంత గుంటలు పడతాయి. ఎనామెల్ కూడా ఈ సోడా నీళ్లని తట్టుకుంటుంది. అది భరించలేనివి రెండు: వేడిగా ఉండగా చన్నీళ్లు పోయడం, లోహపు గరిటెతో గీకడం. ఒకసారి పెచ్చు లేచిందంటే కింది ఉక్కు తుప్పుపట్టి, చుట్టూ ఉన్న ఎనామెల్‌ని కూడా లేపుకుంటూ పోతుంది.

ఇప్పుడు నల్లబడిన మీ ట్రే. అది అల్యూమినియం, సందేహం లేదు. అల్యూమినియాన్ని కాపాడేది దాని మీద సహజంగా ఉండే పల్చటి ఆక్సైడ్ పొర. క్షారం ఆ పొరని కరిగించి లోహాన్ని తినడం మొదలుపెడుతుంది, హైడ్రోజన్ బుడగలు వస్తాయి, మీద నల్లటి పొర మిగులుతుంది. డిష్‌వాషర్‌లో పెట్టిన అల్యూమినియం పాత్రలు నల్లబడేదీ ఇందుకే. వాషింగ్ సోడా కంటే చాలా ఘాటైన క్షారం, కాస్టిక్ సోడా, ఉన్న ఓవెన్ క్లీనర్ తగిలితే ఇంకా ఘోరం. బుసబుసలాడుతూ వేడెక్కుతుంది, ట్రే గుంటలు పడుతుంది, వెలువడే హైడ్రోజన్ మండే వాయువు. కాబట్టి అల్యూమినియానికి వాషింగ్ సోడా, డిష్‌వాషర్ బిళ్లలు, ఓవెన్ క్లీనర్, అమ్మోనియా ఏవీ వద్దు. వంట సోడా ముద్ద అయితే పదిహేను, ఇరవై నిమిషాలకి మించకుండా పట్టించి కడిగేయొచ్చు. వంట సోడా నీళ్లు ఆ ట్రేలో పోసి మరిగించడం మాత్రం తప్పు. వేడికి వంట సోడాలో కొంత వాషింగ్ సోడాగా మారిపోతుంది, మళ్లీ కథ మొదటికొస్తుంది.

నల్లబడ్డ ట్రేని బాగుచేయడం కష్టం కాదు. ముందు సబ్బుతో కడిగి సోడా ఆనవాలు లేకుండా చేయండి. లీటరు నీళ్లకి ఒక చిన్న చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆసిడ్) కలిపి, ట్రేలో నిండుగా పోసి, పొయ్యి మీద సన్నమంటన పది నిమిషాలు కాగనివ్వండి. ట్రే పొయ్యి మీద ఇమడకపోతే ఆ నీళ్లు విడిగా కాచి వేడివేడిగా పోసి అరగంట ఉంచండి. నలుపు చాలావరకు తేరుకుంటుంది. కడిగి, వెంటనే తుడవండి. గుంటలు పడి ఉంటే మాత్రం అవి పూడవు. అనొడైజ్ చేసిన ట్రే (ఆక్సైడ్ పొరని ఫ్యాక్టరీలో మందంగా చేసినది) అయితే పోయిన పూతని ఇంట్లో తిరిగి తెప్పించలేం.

మామూలు అల్యూమినియం ట్రేల రోజువారీ శుభ్రానికి వేడినీళ్లు, గిన్నెల లిక్విడ్, ముప్పావుగంట నానడం చాలు. అలా కడిగాక కూడా గట్టిగా, పొడిగా, చేతికి అంటని గోధుమరంగు మచ్చలు మిగులుతాయి. వాటిని వదిలేయండి. అది ఇందాక చెప్పిన గట్టిపడ్డ నూనె పొరే, దానివల్ల తిండికి హాని లేదు, పొగ రాదు. జిగటగా వేలికి అంటేదీ, గీకితే పొడిగా రాలేదీ మాత్రం పోవాల్సిందే. వేడెక్కినప్పుడు పొగ వచ్చేది వాటినుంచే, తర్వాత చేసే వంటకి చేదు వాసన పట్టేదీ వాటివల్లే. ఇంతవరకు శుభ్రం చేసి ఆగడం ట్రే ఆయుష్షుకి మంచిది. కొత్తదానిలా మెరవాలన్న పట్టుదలతోనే మంచి ట్రేలు పాడవుతున్నాయి.

నాన్‌స్టిక్‌కి మెత్తటి స్పాంజి, వేడినీళ్లు, సబ్బు, గంటసేపు ఓపిక, అంతే. నూనె స్ప్రేలు వాడితే అంచుల్లో పసుపుపచ్చని జిగురు పేరుకుంటుంది. దానికి పల్చటి వంట సోడా ముద్ద వేళ్లతో పట్టించి పావుగంట ఆగి స్పాంజితో తుడవండి. పూత పెచ్చులు లేచిన ట్రేకి శుభ్రం చేసే ఉపాయం లేదు, మార్చేయాలి.

తానే శుభ్రం చేసుకునే సదుపాయం ఉన్న ఓవెన్లలో రాక్‌లు లోపలే వదిలి ఆ బటన్ నొక్కొచ్చా అన్నది తరచూ వచ్చే అనుమానం. అధిక వేడితో మడ్డిని బూడిద చేసే రకం అయితే లోపల వేడి 480 డిగ్రీలు దాటుతుంది. క్రోమియం రాక్‌లు ఆ వేడికి నీలంగా, మసకగా మారి, పట్టాల మీద జరగకుండా మొరాయిస్తాయి. ఆ వేడిని తట్టుకునే ఎనామెల్ రాక్‌లని పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంటేనే లోపల ఉంచండి. నాన్‌స్టిక్ ట్రే పొరపాటున కూడా లోపల ఉండకూడదు. ఆ పూత 260 డిగ్రీలు దాటాక విచ్ఛిన్నం కావడం మొదలై విషవాయువులు విడుస్తుంది. మనుషులకి ఆ పొగ జ్వరం తెప్పిస్తుంది, పంజరంలోని పక్షుల్ని నిమిషాల్లో చంపేస్తుంది. మడ్డి కాలే పొగ కూడా వాటికి ప్రాణాంతకమే. అందుకని ఇంట్లో పక్షులుంటే ఆ పూట వాటిని ఆ ఇంట్లోనే ఉంచకండి. కిటికీలు తెరిచి ఉంచడం అందరికీ అవసరం.

మీకు చెప్పిన రెండు చిట్కాల గురించి. వెనిగర్, వంట సోడా కలిస్తే బుసబుస పొంగుతాయి, చూడ్డానికి పని జరుగుతున్నట్టే ఉంటుంది. జరిగేది మాత్రం ఒకదాన్నొకటి చంపుకోవడం. 15 గ్రాముల సోడా, సుమారు 200 మిల్లీలీటర్ల 5 శాతం వెనిగర్ కలిస్తే చివరికి మిగిలేది కార్బన్ డయాక్సైడ్ పోగా కొద్దిగా సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. దానికి జిడ్డు కదలదు. రెండూ కలిపి సీసాలో పోసి మూత బిగిస్తే సీసా పేలుతుంది కూడా. జిడ్డుకి సోడా, నీటి మరకలకి, తుప్పుకి వెనిగర్ గాని నిమ్మ ఉప్పు గాని, విడివిడిగా, మధ్యలో బాగా కడిగి వాడాలి.

అమ్మోనియా ఆవిరికి మడ్డి మెత్తబడటం నిజమే. కానీ రాత్రంతా మూటకట్టిన సంచి విప్పగానే ఆ ఆవిరి నేరుగా కళ్లకి, ఊపిరితిత్తులకి కొడుతుంది. వాషింగ్ సోడాతో అదే ఫలితం వస్తున్నప్పుడు ఇంట్లో ఈ పని ఎందుకు పెట్టుకోవాలో నాకు కారణం కనబడదు. ఉబ్బసం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో అసలే వద్దు. అమ్మోనియా ఉన్నచోటికి క్లోరిన్ బ్లీచ్ చేరితే క్లోరమిన్ అనే విషవాయువు పుడుతుంది. అదే బ్లీచ్‌లో వెనిగరో నిమ్మ ఉప్పో కలిస్తే క్లోరిన్ వాయువు. బ్లీచ్‌కి జిడ్డుని కరిగించే గుణం లేదు, కాబట్టి ఓవెన్ పనిలో దాని సీసా బయటికే తీయకండి.

రెండు విడతలు నానబెట్టినా కదలని బొగ్గు ఉంటే, అప్పుడు కాస్టిక్ సోడా ఉన్న ఓవెన్ క్లీనర్. ఎనామెల్‌కి, స్టెయిన్‌లెస్‌కి, డబ్బా మీద రాసి ఉంటే క్రోమియానికి. దాని పీహెచ్ 13 దాటి ఉంటుంది, అంటే చర్మాన్ని, కంటిని కాల్చేంత. రాక్‌ని ఆరుబయట పాత కాగితాల మీద పెట్టి, గాలి వీపువైపునుంచి వచ్చేలా నిలబడి, పొడుగు గ్లౌజులు, పక్కలు మూసి ఉండే కళ్లద్దాలు పెట్టుకుని కొట్టండి. రాక్ చల్లగా ఉండాలి, వేడి లోహం మీద పడితే ఆవిరిగా లేచి ముక్కుకి తగులుతుంది. డబ్బా మీద చెప్పిన సమయానికి మించి ఉంచకండి. చర్మం మీద పడితే ధారగా నీళ్లు పోస్తూనే ఉండాలి. క్షారానికి విరుగుడని వెనిగర్ రాయకూడదు. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు నీళ్లు ధారకట్టి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కడిగిన రాక్‌ని ఖాళీ ఓవెన్లో, కిటికీ తెరిచి, ఓసారి వేడిచేశాకే వంటకి వాడండి. ఓవెన్ లోపల వేడిచుట్టల మీద, ఫ్యాన్ మీద, తలుపు అంచు రబ్బరు మీద ఈ మందు పడకూడదు.

నానబెట్టిన నీళ్లు పారబోసేముందు పైన తేలిన జిడ్డుని కాగితంతో ఎత్తి చెత్తలో వేయండి. వేడిగా ఉన్నప్పుడు గొట్టంలోకి సాఫీగానే పోతుంది, చల్లారాక లోపల గడ్డకట్టి దారి మూసేస్తుంది.

క్రోమియం రాక్‌లో ఒకటి రెండు చోట్ల తుప్పు చుక్కలుంటే లీటరు నీళ్లకి ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి ఆ చోట పావుగంట చుట్టి, రుద్ది, కడిగి, ఆరబెట్టండి. పూత పొలుసులుగా లేస్తుంటే, తుప్పు పెచ్చులు చేతికొస్తుంటే రాక్ మార్చడమే దారి. ఓవెన్ లోపలి వెడల్పు కొలిచి గాని, మోడల్ నంబరు చెప్పి గాని తెప్పించండి. అర సెంటీమీటరు తక్కువైనా పట్టాల మీదినుంచి జారి పడొచ్చు.

సాగే పట్టాల రాక్‌లు, అంటే లోపల గోళీల మీద జరిగేవి, మీ ఓవెన్లో ఉంటే వాటిని ఈ నీళ్లలో అస్సలు ముంచకండి, డిష్‌వాషర్‌లో పెట్టకండి. గోళీల చుట్టూ ఉండే గ్రీజు కడుక్కుపోతే అవి బిగుసుకుపోతాయి. తడిగుడ్డ, కొంచెం సబ్బుతో తుడవడమే. మామూలు రాక్‌లు శుభ్రం చేశాక పట్టాల మీద కీచుమంటూ పట్టేస్తే, రెండువైపులా అంచు చువ్వలకి రెండు మూడు చుక్కల వంటనూనె గుడ్డతో రాసి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేయండి. పూసి వదిలేస్తే ఆ నూనే మళ్లీ మడ్డి అవుతుంది.